పైముఖం నాది, అడుగుముఖం ఆవిడది

నమోదు 1
పొడుగు పగలు, మూడో నిద్ర లేచాక

బోర్డులు చెక్కే ఈ మిల్లు ముట్టుకున్న ప్రతి మనిషీ ఈ పుస్తకంలో రాయాలని మా సభవారి కట్టడి. ఏ రాగి పలక వాడారు, ఏ మొన బిగించారు, ఎంతసేపు తిప్పారు, అంతవరకే రాయాలట. అంతవరకే రాసి ఊరుకునే మనిషినైతే నా బతుకు ఇంకోలా ఉండేది. నా పేరు హైమవతి. తూర్పు సొరంగంలో సర్క్యూట్ బోర్డులు చేస్తాను. చదివేవాళ్ళకి విసుగొస్తే పేజీ తిప్పేసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

లేవగానే గాలి జల్లెడలు కడిగాను. దీపాల కింద పెరుగుతున్న గోంగూర నాలుగు రెమ్మలు గిల్లి పప్పులో వేసి మా ధరణికి పెట్టాను. ధరణి నా కూతురు. చందమామ మీద పుట్టిన పిల్లకి, పైన నల్లటి ఆకాశంలో వేలాడే ఆ నీలం ఉండ పేరైనా ఉండాలని నేనే పెట్టాను. తొలిచూలు కదా, పురిటికి నా దగ్గరికి వచ్చింది. ఏడో నెల. కాళ్ళు రెండూ వాచిపోయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. అల్లుడు శ్రీశైలం బయట సౌరపలకల దుమ్ము తుడిచే పనిలో ఉన్నాడు, చీకటి పడితేగానీ రాడు. ఇక్కడ పగలంటే పన్నెండు పదమూడు నిద్రల పొడుగు, చీకటీ అంతే.

డాక్టర్ కరుణ వచ్చి బీపీ చూసింది. పట్టీ విప్పుతూ నా మొహం వైపు చూడలేదు.

"హైమక్కా, దీని బీపీ నాకు నచ్చట్లేదు. నెలలు నిండేదాకా ఆగితే తల్లికే ముప్పు. చీకటి పడ్డాక ఎప్పుడో ఒకప్పుడు బిడ్డను బయటికి తీసెయ్యాలి."

"ఏడో నెల పిల్లని తీసి ఎలా బతికిస్తావమ్మా తల్లీ?"

"వెచ్చపెట్టె ఉంటే బతుకుతుంది. లేకపోతే నేను మాటివ్వలేను."

వెచ్చపెట్టె అంటే నెల తక్కువ పిల్లల్ని పడుకోబెట్టే గాజుపెట్టె. అరచేతిలో పట్టేంత పిల్లకి ఒంట్లో వేడి నిలవదు, ఆ వేడి నిలిపేది అదే. మా ఊరంతటికీ ఉన్నది ఒక్కటి. వెళ్ళి మూత విప్పి చూస్తే ఏముంది, ఫ్యాన్‌లోకి బయటి దుమ్ము చేరి, లోపలి బోర్డు మాడి బొగ్గయి కూర్చుంది. సరుకు ఓడ చీకటి గడిచాకగానీ రాదు. ఇంకో యంత్రం బోర్డు పీకి పెడదామా అంటే, ఒకటి మాకు గాలి తోడేది, ఇంకోటి నీళ్ళు వడకట్టేది. కొత్తది మేమే చెయ్యాలి. రెండువైపులా రాగి ఉన్న పలకలు కొట్లో రెండే మిగిలాయి.

దీనికి తోడు జంట చేతుల కట్టడి ఒకటి ఉంది మాకు. ప్రాణం నిలబెట్టే యంత్రం ఏదైనా సరే, దాని బోర్డులో రెండు కొంపల చేతులు పడాలి. పైముఖం ఒకరు గీసి చెక్కాలి, అడుగుముఖం వేరొకరు. ఒకరి తప్పు ఇంకొకరి కళ్ళ పడుతుందని పెద్దలు పెట్టిన నియమం. నియమం మంచిదే. కానీ ఈ ఊళ్ళో నేను కాక బోర్డులు చేసే మనిషి ఇంకొక్కతే. పడమటి సొరంగంలో ఉండే రుక్కమ్మ. శ్రీశైలం వాళ్ళ అమ్మ, అంటే నాకు స్వయానా వియ్యపురాలు.

ఆవిడతో నాకు మాటల్లేవు. పెళ్ళిలో నేను నా చేత్తో చేసిన దీపం పిల్లలకి బహుమానంగా పెట్టాను. ఆవిడ నలుగురి ముందూ దాని అడుగు విప్పి, నాలుక చప్పరించి, "టంకం గిట్ల కాకిరెట్ట లెక్క ఏస్తరా వదినె?" అని, టంకం కడ్డీ తెప్పించి నా అతుకు కరిగించి మళ్ళీ వేసింది. పెళ్ళిపందిట్లో! అక్షింతలు పిల్లల నెత్తిన పడాల్సింది పోయి నా నెత్తిన పడ్డాయి. ఆ రోజు నుంచి ఎదురుపడితే గోడ చూసుకుని నడుస్తాను.

నమోదు 2
ఐదో నిద్ర లేచాక

పని పంచుకున్నాం. అంటే ధరణి పంచింది. మధ్యలో కూర్చుని తీగ ఫోను పట్టుకుని అటూ ఇటూ మాటలు మోస్తోంది.

"అత్తమ్మా, అమ్మ పైముఖం చేస్తానంటోంది. వేడి తీగకీ ఫ్యాన్‌కీ కరెంటు పోయే లావు దారులు తనవంట."

అవతలి నుంచి ఏదో గొణుగుడు.

"అమ్మా, అత్తమ్మ సరేనంది. వేడి కొలిచే సన్న దారులు అడుగుముఖం మీద తను వేస్తానంది. రంధ్రాలు ఎక్కడెక్కడో నువ్వే చెప్పమంది."

"చెప్పనని ఎవరన్నారు? అంత పెద్దరికం ఒలకబొయ్యక్కర్లేదని చెప్పు."

"రంధ్రాలు ఇప్పుడే పంపిస్తోంది అత్తమ్మా," అంది నా కూతురు. తెలివైన పిల్ల.

మాడిన బోర్డుని భూతద్దం కింద పెట్టి ఒక్కొక్క దారీ వెతుక్కున్నాను. ఈ పని తెలియనివాళ్ళకి ఒక్కమాట. బోర్డు మీద ఒక దారిని ఇంకో దారి తాకకూడదు, తాకితే మాడుతుంది. అడ్డం వస్తే రంధ్రంలోంచి అవతలి ముఖానికి దిగి, దాటి, మళ్ళీ పైకి రావాలి. రంధ్రంలో రాగి తీగముక్క దూర్చి రెండువైపులా టంకం వేస్తే రెండు ముఖాలూ కలుస్తాయి. అందుకే రెండు ముఖాల రంధ్రాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి.

మోగే గంట మాత్రం ఈ బోర్డులో పెట్టలేకపోయాను. వేడి తప్పితే కేకపెట్టే చిప్పు మాడిపోయింది, మా దగ్గర అలాంటిది లేదు. అంకె చూపించే తెర ఉంది, చాలు. మనిషి కూర్చుని చూసుకోవాలి. అంకె పడిపోతుంటే పక్కనున్న మీట తిప్పి వేడి పెంచాలి, ఎక్కుతుంటే తగ్గించాలి.

నమోదు 3
ఎనిమిదో నిద్ర లేచాక

నా ముఖం చెక్కడం అయింది. వాడిన పలక మొదటిది, మొన కొత్తది.

మా తాతల కాలంలో భూమి మీద ఇళ్ళల్లో బోర్డు చేసుకునేవాళ్ళు పలకని మందు నీళ్ళలో ముంచి, అక్కర్లేని రాగి కరిగించేవారట. ఇక్కడ ముంచితే ఆ నీళ్ళే వడపోసుకుని రేపు మన గ్లాసులోకి వస్తాయి. అందుకని మాకు మిల్లే గతి. సూదిమొన తిరుగుతూ దారుల చుట్టూ రాగి గీకేస్తుంది. మూత బిగించి, పొడి పీల్చే గొట్టం పెట్టాలి, లేకపోతే పలకలోని గాజునూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మూత వేశాక అద్దం మీద పొడి కమ్మేసి లోపల ఏమీ కనపడదు. చెక్కడం అయ్యాకే తీసి చూడాలి. బియ్యం ఎసట్లో వేసి మూతపెట్టినట్టే, మధ్యలో కెలకడానికి లేదు.

పలక కొంచెం వంగి ఉంటే పిన్నుతో అక్కడక్కడా తాకించి ఎత్తుపల్లాలు కొలుచుకున్నాను. దారులు చక్కగా వచ్చాయి. రంధ్రాలు తొలిచాను. నడిమిగీత మీద రెండు మేకులు దిగేసి పెట్టాను, పలక తిరగేసినా ఆ మేకుల్లోనే కూర్చుంటుంది కాబట్టి జరగదు. ఇక రుక్కమ్మ వచ్చి తిరగేసి తన ముఖం చెక్కుకుంటుంది. నేను వెళ్ళాక ఆవిడ వచ్చేట్టు ధరణి వేళలు కుదిర్చింది.

వెళ్తూ వెళ్తూ ఒక పని చేశాను. పలకని తిరగేస్తే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. కాబట్టి అడుగుముఖం బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కాలి. ఒక్కసారే తిప్పాలి. గీసిన మనిషి ఇంటి దగ్గరే తిప్పి తెచ్చుకోవచ్చు, లేదా మిల్లు వెనక అద్దం మీట ఉంటుంది, అది నొక్కితే మిల్లే తిప్పుకుంటుంది. రుక్కమ్మ గొప్పల మనిషి, ఇలాంటి చిన్నచిన్నవి మరిచిపోయే రకం అనిపించింది. మీట నొక్కి వచ్చేశాను. సాయం చేద్దామనే. సరే, నిజమే రాస్తాను, ఆవిడ మరిచిపోయినది నేను గుర్తుపెట్టుకున్నానని రేపు నలుగురికీ తెలియాలని కూడా.

నమోదు 4
తొమ్మిదో నిద్ర లేచాక

చెడింది.

పోయి మూత తీసి చూశాను. అడుగుముఖం మీద దారులు ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను, దారం పేనినట్టు. కానీ ఒక్కటంటే ఒక్కటి రంధ్రం మీద కూర్చోలేదు. అన్నీ ఎదురుపక్కకి పోయాయి. ఆవిడ ఇంటి దగ్గరే తిప్పి తెచ్చుకుంది. నా మీట దాన్ని మళ్ళీ తిప్పింది. రెండుసార్లు తిప్పితే తిప్పనట్టే కదా.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. ధరణి చెవి దగ్గర పెట్టుకుంటే రుక్కమ్మ గొంతు నాక్కూడా వినపడింది. "నేను ఇంటికాన్నే తిప్పి తెచ్చిన బిడ్డా. మీట ఎవలు నొక్కిండ్రో మీ అమ్మనే అడుగు."

"తిప్పి తెస్తున్నానని ముందే ఒక్క ముక్క చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా అని అడుగు!" అన్నాను.

"నాకు చెప్పకుంట మిల్లుకు చెయ్యి పెట్టుడేందని అడుగు!" అంది అవతల.

ధరణి ఫోను కింద పెట్టేసింది. మెల్లిగా, కోపంగా కూడా కాదు.

"అమ్మా, మీ ఇద్దరికీ నేను కడుపుతో ఉన్న మనిషిలా కనపడుతున్నానా, రేడియోలా కనపడుతున్నానా? పలక పోయిందని ఒక్కళ్ళూ ఏడవలేదు. తప్పు ఎవరిదో తేలితే చాలు మీకు. నా బిడ్డని అందులో పడుకోబెట్టాలి నేను." ఫోను నా వైపు నెట్టింది. "ఇక ఒక్క మాట కూడా ఇటుది అటు మొయ్యను. మీ చావు మీరు చావండి."

డాక్టర్ కరుణ వచ్చి చూస్తే బీపీ ఎగిరి కూర్చుంది. నన్ను గది బయటికి పిలిచి, "అక్కా, ఈ బోర్డు గొడవ దాని చెవిన పడకూడదు," అంది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నమోదు 5
పదకొండో నిద్ర లేచాక

ఉన్నది ఒక్క పలక. సూర్యుడు సొరంగం నోటికి ఆనుకుని ఉన్నాడు. ఆయన దిగిపోతే మిల్లుకు కరెంటు ఇవ్వరు, చీకట్లో ఉన్న కరెంటంతా గాలికీ వెచ్చదనానికే చాలదు.

మొన మార్చాను. మళ్ళీ కొలిచాను, మళ్ళీ చెక్కాను, మళ్ళీ తొలిచాను. ఈసారి ప్రతి రంధ్రం చూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. నాకు దేవుడు గుర్తొచ్చేది ఇలాంటప్పుడే.

పైముఖం అయ్యాక మిల్లు వెనక్కి వెళ్ళి అద్దం మీట వైపు చాలాసేపు చూశాను. ముట్టుకోలేదు. ఆవిడ పద్ధతి ఇంటి దగ్గర తిప్పి తేవడం. ఆవిడ పద్ధతే కానీ. నా కూతురి కోసం నేను తగ్గుతాను, తగ్గితే నా కిరీటమేమీ పడిపోదు. ఫోను చేసి ఒక్క మాట చెబుదామా అనుకున్నాను. నంబరు సగం నొక్కాను కూడా. అంత అవసరం లేదులే, తెలిసిన పనేగా అనిపించింది. మేకుల్లో పలక వదిలేసి ఇంటికొచ్చి ధరణి కాళ్ళకి నూనె రాశాను. చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది, నేనే తగ్గానని.

నమోదు 6
పన్నెండో నిద్ర లేచాక

మిల్లు గదిలోకి అడుగు పెట్టేసరికి రుక్కమ్మ ఇంకా అక్కడే ఉంది. నేల మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవలేదు. పెళ్ళినాటికి ఇప్పటికి మనిషి సగమైంది.

పలక నా చేతికిచ్చింది. చూశాను. మళ్ళీ అదే. అన్ని దారులూ ఎదురుపక్కకే.

"మీట నువ్వు నొక్కుతవు గదా అనుకున్న వదినె," అంది. "పోయినసారి నొక్కితివి గదా. నీకు అట్లనే అలవాటేమో, ఎందుకు లొల్లి అని, ఈసారి నేనే తిప్పకుంట తెచ్చిన."

"మీరు ఇంటి దగ్గర తిప్పి తెస్తారు కదా అని నేను నొక్కలేదు వదినగారూ."

ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. మొదటిసారి ఇద్దరం పంతానికి పోయి ఒక పలక చంపాం. రెండోసారి ఇద్దరం తగ్గి ఇంకో పలక చంపాం. తగ్గినట్టు ఒకరికొకరం చెప్పుకోలేదంతే. నవ్వాల్సిన సంగతే, నవ్వు రాలేదు. నేను ఆవిడ పక్కనే కూలబడి బావురుమన్నాను. ముసలిదాన్నయ్యాక ఏడిస్తే ముక్కులోంచీ కంట్లోంచీ ఒకేసారి వస్తుంది, అది చూడ్డానికి బాగుండదు.

"ఊకో వదినె, ఊకో," అంటూ రుక్కమ్మ తన కొంగు ఇచ్చింది. ఆవిడా ఏడుస్తోంది. అంతలో మిల్లు దీపం కీచుమని ఆరిపోయింది. బయట సూర్యుడు దిగిపోయాడు.

నమోదు 7
పొడుగు చీకటి, రెండో నిద్ర లేచాక

మిల్లు ఆగిపోయింది కాబట్టి ఈ పుస్తకంలో రాయకూడదంటారేమో. రాస్తాను. బోర్డు పని ఆగలేదు.

అక్కడ కూర్చుని ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక రుక్కమ్మే పలకని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ ముఖం సక్కగనే ఉన్నది వదినె. పాడైంది నాదే," అంది. నన్ను మెచ్చుకున్న మాట ఆవిడ నోటి నుంచి రావడం అదే మొదలు.

"అడుగు రాగి మొత్తం గీకేద్దాం," అన్నాను. "మీ దారుల బదులు సన్న తీగలు వేద్దాం, చేత్తోనే. మిల్లెందుకు, టంకం కడ్డీకి చాలేంత కరెంటు ఇస్తారుగా."

"నలభై దాకా ఉన్నయి దారులు. ఒక్క తీగ తప్పు రంధ్రంల పడ్డా పిల్ల కాలుతది, లేకుంటే సల్లవడతది."

"అందుకే ఇద్దరం కూర్చుందాం. ఎదురెదురుగా."

సభవాళ్ళని అడిగితే, రెండు కొంపల చేతులూ ఉన్నాయి కాబట్టి కట్టడికి అడ్డు లేదన్నారు. ధరణి ముందు తగువు పడమని కరుణకి మాటిచ్చి, మా ఇంట్లోనే బల్ల మీద బిగింపులో పలకని నిలువుగా నిలబెట్టాం. ఇటు నేను, అటు ఆవిడ, మధ్యలో పలక. నా వైపు నుంచి రంధ్రం పేరు చెప్పాలి, ఆవిడ తన వైపు నుంచి తీగ దూర్చి అతకాలి, నేను ఇవతల అతకాలి. పేరు మీద మొదట్లోనే తగువు వచ్చింది.

"కుడిపక్క మూడోది," అన్నాను.

"ఎవల కుడి?"

"నా కుడి."

"నీ కుడి నాకు ఎడమ. ఎడమ అను."

"నేను ఎడమ అంటే మీరు మీ ఎడమ అనుకుంటారా, నా ఎడమ అనుకుంటారా?"

"నాకైతే తల తిరుగుతున్నది వదినె."

మంచం మీద నుంచి ధరణి, "తూర్పు, పడమర అనుకోండే తల్లుల్లారా! గోడలు తిరగవుగా!" అని అరిచింది. నిజమే. సొరంగం తూర్పు మొగ ఎటో మా ఇద్దరికీ తెలుసు, పలకకి ఇటు కూర్చున్నా అటు కూర్చున్నా తూర్పు మారదు. ఇంత చదివి ఇంత చేసి ఈ సంగతి తట్టలేదు మాకు. ఆ తర్వాత పని పరుగెత్తింది. "తూర్పు వరస, పై నించి రెండోది." "పెట్టిన." "పడమటి వరస, అడుగుది." "ఆగాగు, తీగ జారింది... ఆఁ, పెట్టిన." ప్రతి తీగకీ రెండు కొసల మధ్య మీటరు పెట్టి, అతుకు కలిసిందని కుయ్‌మనే దాకా చూసి, కుయ్‌మన్నాకే ఇంకోటి.

మధ్యలో ఆవిడే ఎత్తింది పెళ్ళి సంగతి. "ఆనాడు నీ దీపం విప్పినందుకు నీకు కోపమే గదా?"

"లేకేం. నలుగుర్లో పరువు తీశారు."

"అతుకు ఊడేటట్టున్నది వదినె. నా కొడుకు ఇంట్ల దీపం ఆరొద్దని ఏసిన."

"చెవిలో చెప్పొచ్చుగా?"

పలక అవతల నుంచి ఆవిడ మొహం కనపడదు, టంకం పొగ మాత్రం మెల్లగా పైకి లేస్తోంది.

"చెవిల చెప్పే అలవాటు లేకపాయె నాకు," అంది. "ఇగ నేర్సుకుంట."

నేనేం తక్కువ తిన్నానని. మీట నొక్కింది సాయానికి కాదని, గొప్పకని, నా నోటితో నేనే చెప్పేశాను. అవతల నుంచి నవ్వు వినపడింది, ధరణిది కూడా.

నమోదు 8
పొడుగు చీకటి, ఐదో నిద్ర నడిమధ్య లేపారు

బోర్డుని పెట్టెలో బిగించి, కుండలో నీళ్ళు పోసి లోపల పెట్టి, వేడి నిలుస్తుందో లేదో చూస్తున్నాం. ఇంకా రెండు నిద్రల పాటు నడిపి చూస్తేగానీ నమ్మనని నేనన్నాను. ఆ రెండు నిద్రలూ మాకు దక్కలేదు.

ధరణికి కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయంది. తలనొప్పంది. డాక్టర్ కరుణ వచ్చి పట్టీ కట్టి, విప్పకుండానే, "తీసేద్దాం," అంది. చీకటి పడగానే పని దిగి వచ్చిన శ్రీశైలం మంచం తోసుకెళ్ళాడు. ఆపరేషన్ గది తలుపు మూశారు. మేమిద్దరం బయట కుర్చీల్లో. రుక్కమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది, టంకం కడ్డీ కాలిన మచ్చలు ఆవిడ వేళ్ళ మీద గరుకుగా తగులుతున్నాయి. నా వేళ్ళ మీదా అవే ఉన్నాయి.

పిల్ల ఏడ్చింది. పిల్లి కూన అరిచినట్టు, వినీ వినపడనట్టు. ఆడపిల్ల. అరచేతిలో పట్టేస్తుంది. చర్మం కింద నరాలు లెక్కపెట్టొచ్చు. పెట్టెలో పెట్టి మూత వేశారు. అంకె వెలిగింది. కింద పడింది, ఇంకా పడింది, నా గుండె దానితో పాటే పడింది, తర్వాత నెమ్మదిగా ఎక్కి, ఉండాల్సిన చోట ఆగింది.

"తల్లి?" అని అడిగాను.

"బాగుంది. నిద్రపోతోంది. మీరిద్దరూ దీన్ని చూసుకోండి," అంది కరుణ. "గంట లేదు కదా. ఒక్క క్షణం కూడా ఎవరో ఒకరి కన్ను ఆ అంకె మీద ఉండాలి."

నమోదు 9
పొడుగు చీకటి, ఏడో నిద్రో ఎనిమిదో నిద్రో, నాకు తెలియదు

నేను నిద్రపోలేదు. అంకె చూస్తున్నాను. రెండుసార్లు కిందికి జారింది, మీట తిప్పి సరిచేశాను. మేం పూర్తిగా పరీక్షించని బోర్డు, చేత్తో వేసిన నలభై తీగలు, అందులో ఏ ఒక్కటి వదులైనా ఆ పిల్ల ఊపిరి ఆగుతుంది. ఈ ఆలోచన వస్తే రెప్ప ఎలా పడుతుంది? శ్రీశైలం భోజనం తెచ్చాడు. ఏం తిన్నానో తెలియదు. రుక్కమ్మ పక్కనే కూర్చుని రెండు మూడుసార్లు, "జెర ఒరుగు వదినె, నేను చూస్త," అంది. "నాకు నిద్ర రావట్లేదు," అన్నాను. అబద్ధం. అంకెలు రెండు రెండుగా కనపడుతున్నాయి.

నిజం ఏమిటంటే ఆవిడ చూపు మీద నాకు నమ్మకం లేదు. ఆవిడ మీదే కాదు, ఎవరి మీదా లేదు. నా పని నేను తప్ప ఎవరూ సరిగ్గా చెయ్యరనుకోవడం నా పుట్టుకతో వచ్చిన జబ్బు. జంట చేతుల కట్టడి ఉండబట్టిగానీ, లేకపోతే రెండు ముఖాలూ నేనే చెక్కేదాన్ని, చెడగొడితే ఒక్కదాన్నే చెడగొట్టేదాన్ని.

చివరికి ఒకసారి ఉలిక్కిపడి చూస్తే నా తల గాజు మీద వాలి ఉంది. ఎంతసేపు వాలిందో తెలియదు. అంకె చూశాను. సరిగ్గానే ఉంది. మీట మీద రుక్కమ్మ వేళ్ళున్నాయి. అది జారిందనీ, ఆవిడ తిప్పిందనీ అప్పుడు అర్థమైంది. ఆ మాట ఆవిడ నోటితో అనలేదు.

"పోయి పండుకో," అంది.

"పిల్లకి ఏమైనా అయితే..."

"నువ్వొక్కదానివేనా దానికి?" అంది. "నువ్వు అమ్మమ్మవైతే, నేను నాయినమ్మను."

లేచాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ధరణి మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను. కళ్ళు మూసుకుంటే అంకెలే కనపడతాయనుకున్నాను. ఏమీ కనపడలేదు. రాయిలా నిద్రపోయాను.

మెలకువ రాగానే పరుగెత్తాను. కొంగు తలుపులో ఇరుక్కుని చిరిగింది కూడా. రుక్కమ్మ వేలు పెదాల మీద పెట్టుకుని నిశ్శబ్దం అని సైగ చేసింది. పెట్టెలో పిల్ల గుప్పిళ్ళు బిగించి పడుకుని ఉంది, ఒంటికి గులాబిరంగు వచ్చింది. పొట్ట లేస్తోంది, పడుతోంది. అంకె కదలట్లేదు.

"ఎంతసేపు పడుకున్నాను వదినగారూ?"

"మస్తుసేపు. గుర్రు వెట్టినవ్, పడమటి సొరంగం దాక ఇనపడ్డది."

ఆవిడ కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. అంకె వైపు తిరిగి, మీట మీద చెయ్యి వేశాను.

"నేనున్నాను. ఇక నువ్వు కాసేపు..." అన్నాను. నోరు జారి నువ్వనేశాను, దిద్దుకోలేదు.

మాట పూర్తి చెయ్యలేదింకా. రుక్కమ్మ తల నా భుజం మీద వాలిపోయింది, నిద్రపోయింది.